పోలీసు పేజీలో ఫాలోవర్లెవరు, ఫొటోలెవరివి?

పోలీస్ స్టేషన్ గడప తొక్కాల్సి వస్తే ముందు తెలిసినవాళ్ల కోసం వెతకడం మనకు పాత అలవాటు. వార్డు లీడరో, లాయరో, డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే దూరపు చుట్టమో వెంట ఉంటే తప్ప ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు అవే ఇళ్లలోని పిల్లలు సిగ్నల్ పనిచేయకపోయినా, అర్ధరాత్రి దాటాక డీజే మోగినా ఫొటో తీసి పోలీసుల్ని ట్యాగ్ చేస్తున్నారు. కొన్నిసార్లు నిమిషాల్లో జవాబొస్తోంది. ఇది చిన్న మార్పు కాదు. ఆ జవాబు రాసే కానిస్టేబుల్ శ్రమనూ తీసిపారేయలేం.

హైదరాబాద్ ఈ దారిలో ముందే నడిచింది. 2014 అక్టోబర్‌లో ఆడవాళ్ల మీద వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ మొదలయ్యాయి. ఇంట్లో చెప్పుకోలేని అమ్మాయి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే చాలన్న వీలు వాటితోనే వచ్చింది. బస్టాపులో రోజూ వెంటపడేవాడి గురించి నాన్నకు చెబితే చదువు మానిపిస్తారేమోనన్న భయం ఎన్ని ఇళ్లలో ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ భయాన్ని దాటడానికి ఫోన్ ఒక దారి చూపింది. సైబర్ మోసాల్లోనూ అంతే. డబ్బు పోయిన మొదటి గంటలోనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, 'డిజిటల్ అరెస్ట్' అనేది చట్టంలోనే లేదని పోలీసు పేజీలు వందల సార్లు చెప్పాయి, చెప్పాలి కూడా. హెల్మెట్ మీద సినిమా డైలాగులతో సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు చేసిన మీమ్స్‌ను జనం నవ్వుతూ పంచుకున్నారు. తెలంగాణ వచ్చాక వినపడిన 'ఫ్రెండ్లీ పోలీసింగ్' నినాదానికి జనం కళ్లకు కనిపించే రూపం ఇదే.

అయితే ఈ స్నేహం ఎవరితో కుదిరిందన్నది నా ప్రశ్న. పోలీసుల్ని ట్యాగ్ చేసేవాళ్లలో ఎక్కువమంది పోలీసులంటే మొదటి నుంచీ పెద్దగా భయం లేనివాళ్లే. స్మార్ట్‌ఫోను, ఇంగ్లిష్, కాస్త తీరిక, 'నా ఫిర్యాదు పట్టించుకుంటారు' అన్న నమ్మకం వాళ్ల దగ్గర ముందే ఉన్నాయి. నిజంగా స్టేషన్ పేరు చెబితే వణికేవాళ్లు ఆ పేజీలో ఎక్కువగా ఫొటోల్లో కనిపిస్తారు.

కార్డన్ సెర్చ్ సంగతే చూడండి. రాత్రిపూటో తెల్లవారుజామునో ఒక బస్తీని చుట్టుముడతారు. ఇంటింటికీ వెళ్లి ఆధార్ అడుగుతారు. కాగితాలు లేని బైకుల్ని వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. తెల్లారేసరికి ఆ ఫొటో వాట్సాప్ ప్రెస్ గ్రూపుల్లో ఉంటుంది. దానికి పోలీసులు పెట్టిన ఇంకో పేరు 'కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రామ్'. గేటెడ్ కమ్యూనిటీలో ఇలాంటి కార్యక్రమం జరిగిందన్న పోస్టు నేనెప్పుడూ చూడలేదు. ఒకే నగరంలో ఒకరికి పోలీసులు జవాబిచ్చే అకౌంటు, ఇంకొకరికి ఇంట్లోకొచ్చి ఫొటో తీసుకెళ్లే కెమెరా. సోషల్ మీడియా ఈ తేడాను పుట్టించలేదు. ముందే ఉన్న తేడాను రోజూ అందరికీ చూపిస్తూ, అది మామూలే అన్నట్టు అలవాటు చేసింది.

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో రోడ్ల మీద కుర్రాళ్లను ఆపి, ఫోన్ అన్‌లాక్ చేయించి, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట కోసం పోలీసులు వెతికిన వీడియోలు బయటికొచ్చాయి. జనం తామంతట తామే ఫోన్లు ఇస్తున్నారన్నది అప్పట్లో పోలీసుల సమర్థన. రాత్రి పది గంటలకు లాఠీతో నలుగురు చుట్టూ నిలబడి ఫోన్ అడిగితే ఇవ్వనని చెప్పగల కుర్రాడు ఎవరుంటారు? అదే ఏడాది మే నెలలో లాక్‌డౌన్ వేళ పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని చెప్పి ట్యాబ్‌లో ముఖం ఫొటో తీసుకున్నారు. తన ఫొటో ఎందుకు తీశారో, ఎక్కడ దాచారో అడుగుతూ ఆయన హైకోర్టుకు వెళ్లారు. ముఖ గుర్తింపు సాంకేతికత మీద దేశంలో వచ్చిన తొలి పిటిషన్లలో అదొకటి. ఆ పూట ఫొటోలు తీయించుకున్న మిగతావాళ్లలో కోర్టు దాకా వెళ్లే స్తోమత ఎందరికి ఉంటుంది?

ఫోన్‌తో పోలీసు పని ఇంకోలా కూడా చేయొచ్చని చూపిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో తెలుగు పల్లెలను కమ్మేసింది. పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చిందన్నారు. ఎక్కడివో వీడియోలను మన ఊరివిగా చెప్పారు. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. దేశమంతటా ఇలాంటి హత్యలు జరిగాక, జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్నది రెమా రాజేశ్వరి. పుకారు సంగతి ఆమెకు ముందు తెలిసింది ఏ సైబర్ సెల్ ద్వారానో కాదు. ఊరికో కానిస్టేబుల్‌ను కేటాయించి, వాళ్లు తరచూ ఆ ఊళ్లకు వెళ్లి జనంతో మాట్లాడే ఏర్పాటు ఆమె చేసి ఉన్నారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే ఊళ్లలో జనం పొద్దుగూకగానే తలుపులేసుకుంటున్నారని, పిల్లల్ని బయటికి పంపడం లేదని ఆ కానిస్టేబుళ్లే గమనించారు. కారణం అడిగితే ఫోన్లలోని వీడియోలు చూపించారు. పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. ఆ వీడియోలు అబద్ధమని వాటిలోనే చెప్పారు. ఫోన్ లేనివాళ్ల కోసం డప్పు చాటింపు వేయించారు, పాటలు కట్టించి పాడించారు. కొత్తవాళ్లు కనపడితే చేయి చేసుకోకుండా తమకు ఫోన్ చేయమన్నారు. సుమారు 400 గ్రామాల్లో ఈ పని జరిగింది. ఆ పుకార్ల కాలంలో అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇందులో వాట్సాప్ పాత్ర ఎంతో చూడండి. గ్రూపులో 'ఈ వీడియో నమ్మకండి' అని చెప్పిన మనిషి ఊరికి ముఖం తెలిసిన కానిస్టేబుల్. మొన్న అరుగు మీద కూర్చుని మాట్లాడి వెళ్లినవాడు. అందుకే ఆ మాట చెల్లింది. అదే మాట హైదరాబాద్ ప్రధాన కార్యాలయం నుంచి చక్కటి గ్రాఫిక్‌తో వచ్చి ఉంటే, లక్ష లైకులొచ్చినా అయిజ మండలంలోని ముసలమ్మ మాత్రం తలుపు గడియ తీసేది కాదు. నమ్మకం ముందు నేల మీద కుదిరితేనే తెర మీద పనికొస్తుందని గద్వాల చూపించింది. ఆ నమూనాను ప్రతి జిల్లాకూ తీసుకెళ్లకుండా జిల్లాకో మీడియా సెల్ మీద దృష్టి పెట్టడం మనం పోగొట్టుకున్న అవకాశమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

లైకుల లెక్కే నమ్మకానికి కొలత అనుకుంటే ఏమవుతుందో 2019 చూపించింది. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు తీసుకుని వెళితే ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్నది అప్పటి మొదటి ఆగ్రహం. ముగ్గురు పోలీసులు సస్పెండ్ కూడా అయ్యారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. గంటల్లోనే అక్కడ పోలీసుల మీద పూలు చల్లారు. దేశమంతా సోషల్ మీడియాలో జేజేలు మోగాయి. ఆ హోరులో వారం కిందటి ప్రశ్న మునిగిపోయింది. ఆ రాత్రి మొదటి స్టేషన్‌లోనే ఫిర్యాదు రాసుకుని కదిలి ఉంటే ఏమయ్యేదని అడిగే గొంతే వినపడలేదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, పది మంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరపాలని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని అది చెప్పింది. పోలీసు అధికారులు హైకోర్టుకు వెళ్లారు, 2024లో స్టే వచ్చింది. న్యాయపరంగా ఏం తేలుతుందన్నది కోర్టుల పని. నిందితులు దోషులో కాదో తేలకముందే చప్పట్లు కొట్టడం, ఆ చప్పట్లనే ప్రజాసంబంధం అనుకోవడం మాత్రం మనందరం చేసిన పని. ఆ బాధ్యతలో పోలీసులతో పాటు మనకూ వాటా ఉంది.

ఆ అలవాటు పోలేదు. 2025 మే నెలాఖరులో తెనాలి వీడియో అందరూ చూశారు. ముగ్గురు యువకులను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీలతో కొట్టారు. కొట్టించుకున్నవాళ్లు కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది పోలీసుల ఆరోపణ. చేసి ఉంటే దానికి కోర్టుంది, శిక్ష ఉంది. ఆ వీడియో కింద 'సూపర్ సార్', 'గంజాయి బ్యాచ్‌కి ఇదే మందు' అన్న తరహా కామెంట్లు చదువుతుంటే గుండె బరువెక్కింది. దెబ్బ తిన్న కుర్రాళ్ల వీధిలో ఆ వీడియో ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. రేపు అదే వీధిలో దొంగతనం జరిగితే, ఆడపిల్లను ఎవరైనా వేధిస్తే పోలీసులకు సమాచారం ఎవరిస్తారు?

ఇక రాతల మీద కేసులు. జనంతో మాట్లాడటానికి పోలీసులు తెరిచిన వేదిక మీదే, మాట్లాడిన జనం మీద కేసులు పెడుతున్నారు. ఇందులో పార్టీల తేడా లేదు. 2020 మే నెలలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీక్ మీద ప్రశ్నలు వేస్తూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన గుంటూరు పెద్దావిడకు సీఐడీ నోటీసు వెళ్లింది. ప్రభుత్వం మారాక, 2024 నవంబర్‌లో అవతలి పార్టీ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరసగా కేసులు, అరెస్టులు. ఆ కార్యకర్తల రాతల్లో కొన్ని ఆడవాళ్ల మీద నీచమైన బూతులన్నది నిజం. వాటికి చట్టం ఉంది. అలాగని వ్యవస్థీకృత నేరాల సెక్షన్లు ఒక పోస్టుకు తగిలించడమేమిటి? తెలంగాణలో 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో ప్రసారం చేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున అరెస్టు చేశారు. అక్కడా వ్యవస్థీకృత నేరాల సెక్షనే పెడితే, అది ఈ కేసుకు వర్తించదంది కోర్టు.

చివరికి హైకోర్టులే పూనుకోవాల్సి వచ్చింది. సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండ్ విధించవద్దని, సుప్రీంకోర్టు మార్గదర్శకాలు పాటించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. ఫిర్యాదుదారుడు నిజంగా బాధితుడేనా అని చూడకుండా, ప్రాథమిక విచారణ లేకుండా, పోస్టు వల్ల హింసకో విద్వేషానికో దారితీసే పరిస్థితి కనపడకుండా కేసు కట్టొద్దని తెలంగాణ హైకోర్టు అదే ఏడాది సెప్టెంబర్‌లో చెప్పింది. రాజకీయ విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా దానికి రక్షణ ఉంటుందంది. స్టేషన్ హౌస్ ఆఫీసర్ గోడ మీద అంటించుకోవాల్సిన ఉత్తర్వులివి.

మరి పోలీసు పేజీలో ఏం ఉండాలి? చట్టం కొంత ముందే చెప్పింది. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లో ఆదేశించింది. ఠాణాల్లో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో చెప్పింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినే ప్రాధికార సంస్థలు రాష్ట్రానికీ జిల్లాలకూ ఉండాలని 2006లోనే చెప్పింది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఎలా తీసుకోవాలి, 'మా పరిధి కాదు' అంటే, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాల్సిన జీరో ఎఫ్‌ఐఆర్ ఎలా అడగాలి, పోలీసే తప్పు చేస్తే ఎవరికి రాయాలి అన్నవి తెలుగులో, ఉర్దూలో, మామూలు మాటల్లో నెలకోసారైనా పెడితే హెల్మెట్ మీమ్ కంటే వెయ్యి రెట్లు మేలు. హైదరాబాద్ కమిషనరేట్ల పోస్టుల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే ఉండటం ఇప్పటికైనా మారాలి. ముసుగేసి, పట్టుకున్న సొత్తు వెనక నిలబెట్టి తీసే నిందితుల ఫొటోలు పూర్తిగా ఆపేయాలి. ముసుగున్నా ఊరు పేరు, తండ్రి పేరు కింద రాస్తే దాచిందేముంది? కేసు కొట్టేసిన రోజు ఆ పోస్టును ఎవరూ వెనక్కి వెళ్లి తీయరు.

ఏటా డిసెంబర్‌లో కమిషనర్లు, ఎస్పీలు వార్షిక నివేదిక చదువుతారు. నేరాలెన్ని తగ్గాయో, ఎన్ని కెమెరాలు పెట్టారో చెబుతారు. ఆ సమావేశంలో కూర్చునే విలేకరి మిత్రులకు నా విన్నపం ఒకటే. ఈసారి ఇవి అడగండి: మీ వాట్సాప్‌కు వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని ఎఫ్‌ఐఆర్ అయ్యాయి? వాటిలో బస్తీల నుంచి, పల్లెల నుంచి వచ్చినవెన్ని? రోడ్డు మీద ఎంతమంది ఫొటోలు తీశారు, ఏ చట్టం కింద, ఎన్నాళ్లు దాస్తారు? పోస్టుల మీద పెట్టిన కేసుల్లో శిక్ష పడినవెన్ని? మీ పేజీలో నిందితులుగా చూపించినవాళ్లలో నిర్దోషులుగా బయటపడినవాళ్లెందరు, వాళ్ల ఫొటోలు తీసేశారా?