మా పెద్దమ్మ చేసిన పాటల దొంగతనం

మా పెద్దమ్మ దొంగ. ఈ మాట అన్నది నేను కాదు, ఒక కంప్యూటర్. పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఆమె పాడుతుంటే మా చెల్లె ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టింది. తెల్లారేసరికి నోటీసు: ఇందులోని సంగీతం ఫలానా సినిమా పాటది, ఫలానా ఆడియో కంపెనీ సొత్తు. డెబ్బై దాటాక ఇదేం బుద్ధి!

నేనైతే కంపెనీ పక్షమే. సినిమా పాట కట్టడం ఎంత కష్టమో పెద్దమ్మకేం తెలుసు? ముందు ఎవరో ఊళ్లోకొచ్చి, ముసలమ్మల చేత పాడించుకుని, రికార్డు చేసుకుని పోవాలి. అసలైన సృష్టి ఆ తర్వాతే. కంప్యూటర్‌లో టక్ టక్‌మని లయ కొట్టే ‘క్లిక్’ పెట్టి టెంపో తేల్చాలి. డప్పు కొట్టే మనిషిని పిలిస్తే బత్తా ఇవ్వాలి కాబట్టి, ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన దెబ్బల్ని వరుసగా అతికించాలి. అది డప్పులా లేదని ఎవరైనా అంటే బేస్ పెంచాలి. ట్యూన్ మీద ‘లల్లలా’ అని డమ్మీ మాటలు పాడి రచయితకు పంపితే, ఆయన ఆ లల్లలాల కొలతకు తెలుగు కుట్టాలి. ట్రాక్ సింగర్ ఒకసారి పాడి పెట్టాలి. ఆ తర్వాత తెలుగు రాని పెద్ద గొంతును పిలిచి, ముక్కలు ముక్కలుగా పాడించి, శ్రుతి జారిన చోటల్లా సాఫ్ట్‌వేర్‌తో లాగి కట్టాలి. ‘ళ’ పలికించే సాఫ్ట్‌వేర్ మాత్రం వాళ్లకింకా దొరికినట్టు లేదు.

మరి పెద్దమ్మ పడ్డ కష్టమేంటి? తాళానికి చప్పట్లు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అంటారు, అంతే. క్లిక్ లేదు, అడుగు తొందరపడితే పాటా తొందరపడుతుంది. బతుకమ్మను నీళ్లలో సాగనంపేదాకా ఆపరు. దాన్ని నాలుగు నిమిషాలకు కత్తిరించినందుకు సినిమావాళ్లకు సన్మానం చేయాలి.

చట్టం సంగతీ చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది. 2012లో సవరణ చేసి, సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీలో వాటా ఖాయం చేశారు. మా పెద్దమ్మ పాట కట్టినామె ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుసు? పెద్దమ్మకు వాళ్ల అమ్మమ్మ నేర్పింది, ఆ అమ్మమ్మకు నాట్లేసే కాడ ఇంకెవరో. పేరు చెప్పకుండా, సర్టిఫికెట్ లేకుండా చనిపోవడం పూర్తిగా ఆ మనిషి తప్పు. పెద్దమ్మ పుట్టిల్లు పరకాల దిక్కు. ఆ పక్కనున్న చల్లగరిగ నుంచే వెళ్లి, చంద్రబోస్ 2023లో ఆస్కార్ తెచ్చుకున్నారు. ఆయనలా హైదరాబాద్ బస్సెక్కి తెర మీద పేరు వేయించుకోవాలని ఆ ముసలమ్మలకు ఎందుకు తోచలేదో!

ఈ ఏడు గుట్ట దగ్గర డీజే పెట్టారు. అదే పాట మోగింది. పెద్దమ్మ అలవాటు కొద్దీ గొంతు కలిపింది. పదేళ్ల మనవరాలు కొంగు పట్టి గుంజింది.

“తప్పు పాడుతున్నవ్ అమ్మమ్మా, ఒరిజినల్ల గట్ల లేదు.”

పెద్దమ్మ చప్పట్లు ఆపి స్పీకర్ల దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు తిరిగింది.

“గిది మన పాటే గద బిడ్డా! గంతగనం ఉరుకుతున్నదేంది? ఎనక కుక్కలు గిట్ల పడ్డయా?”