రాధానగర్ వెళ్లాం సరే, తిరిగి రావడమెలా?

అండమాన్‌లో హావ్‌లాక్ దీవి పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. పేరు మారింది గానీ తిరగడానికి పడే తిప్పలు మారలేదు. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు. ఎవరినడిగినా స్కూటీ అద్దెకు తీసుకోమంటారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను ఆ ఎత్తుపల్లాల రోడ్డు మీద స్కూటీ వెనక ఎలా కూర్చోబెట్టను? బస్సుంది, రోజుకు కొన్ని ట్రిప్పులే. మిగిలింది ఆటో. వెళ్లడానికో రేటు, అక్కడ ఆగితే ఇంకో రేటు.

డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. ఆ సూర్యాస్తమయం కోసమే అందరూ వస్తారు, అయిపోగానే అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు. మేం మాట్లాడుకున్న ఆటో రాలేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. చీకట్లో, ఇసుక అంటిన కాళ్లతో అమ్మ నలభై నిమిషాలు నిలబడింది. నాకు కడుపు రగిలిపోయింది.

డ్రైవర్లను మాత్రం తిట్టలేను. అక్కడికి పెట్రోలు కూడా ఓడ మీదే రావాలి, సంపాదన సీజన్‌లోనే. కానీ పొద్దు గూకాక జెట్టీ వైపు రెండు బస్సులు నడిపితే ఏం పోతుంది? అంతమంది పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఆ రోడ్డు పక్కన ఎందుకు నిలబడాలి?

"సముద్రం ఎంత బాగుందిరా! కానీ మళ్లీ రాలేను," అంది అమ్మ.