కొండ మీద ఒక్క గంటేనా?

ఇంగ్లండ్ నుంచి సెలవులకు ఇంటికి పోయిన మనవాళ్లలో చాలామంది పిల్లలకు నాగార్జునసాగర్ చూపిస్తారు. పొద్దున్నే హైదరాబాద్‌లో బస్సెక్కి మాల్, మల్లేపల్లి మీదుగా సాగర్. ఆనకట్ట, బుద్ధవనం, ఎత్తిపోతల జలపాతం, మధ్యలో భోజనం, లాంచీలో నాగార్జునకొండ, రాత్రికి మళ్లీ ఇల్లు. ఈ ఒకరోజు ప్యాకేజీ మీదే నా గొడవంతా. ఇన్నిటి మధ్య కొండకు మిగిలేది గంటకు అటూ ఇటూ. అందులో సగం సెల్ఫీలకే పోతుంది. "సాగర్ పోయొచ్చినం, లాంచీ ఎక్కినం" అని చెప్పుకోవడానికి అది చాలు. కొండను చూడడానికి చాలదు.

ఎందుకంటే ఇప్పుడు నీళ్ల మధ్య దీవిలా ఉన్న ఆ కొండ మొదటి నుంచీ దీవి కాదు. కృష్ణ లోయలో నిలబడ్డ కొండ. దాని కింద లోయలోనే ఆంధ్ర ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోగా పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని విప్పి కొండ మీద, మరికొన్నిటిని ఒడ్డున అనుపులో తిరిగి కట్టారు. మిగతాదంతా నీళ్ల అడుగునే ఉంది. కొండ మీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంటుంది. పిల్లలకు ముందు అది చూపించి, తర్వాత బయటికి తీసుకొచ్చి నీళ్లు చూపించండి. ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

మనలాంటి వలస జనానికి అక్కడ ఇంకో విషయం ఉంది. విజయపురిలోని పెద్ద బౌద్ధ స్తూపం మహాచైత్యాన్ని పోషించింది ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధ భక్తురాలు) వేయించిన శాసనంలో సింహళ భిక్షువుల ప్రస్తావన ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లూ ఉన్నాయి. పరదేశం నుంచి వచ్చినవాళ్లకు పదిహేడు వందల ఏళ్ల కిందట మన నల్లగొండ పక్కనే సింహళ విహారం ఉండేది. వీసాల టెన్షన్‌లో బతికే మనకు ఇది ఊరికే చదివి వదిలేసే సంగతి కాదు.

ఇక్కడ పోర్ట్స్‌మత్‌లో కోచ్ బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి ఐల్ ఆఫ్ వైట్ దీవికి పోతే రెండు మూడు రాత్రులు ఉండి వస్తాం. ఇంటికి పోతే చుట్టాలు, పెళ్లిళ్లు, బ్యాంకు పనులు, ఒప్పుకుంటాను. అయినా ఒక్క రాత్రి దొరకదా?

మన సంఘం డిసెంబర్‌లో పోయే కుటుంబాలన్నిటికీ కలిపి బస్సు మాట్లాడాలని నా సూచన. నల్లగొండలో ఎక్కి హాలియా మీదుగా సాయంత్రానికి సాగర్ చేరి, రాత్రి అక్కడే ఉండాలి. పొద్దున లాంచీకి కొండ, మధ్యాహ్నం అనుపు. ఎత్తిపోతల వదిలేసినా నష్టం లేదు, వానాకాలం కాకపోతే అంత నీళ్లూ ఉండవు. కొండ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో ఉంది. కాబట్టి ఏ ఒడ్డు నుంచి లాంచీ నడుస్తోందో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఫొటో కోసమని పిల్లల లైఫ్ జాకెట్ విప్పనివ్వకండి. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో అందరికీ తెలుసు. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, మ్యూజియానికి సెలవు.