నా పాస్‌వర్డ్ నాకే చదివి వినిపించారు

"క్యాపిటల్ సి, హెచ్, ఐ... రాసుకుంటున్నారా మేడం?"

ఇవాళ పొద్దున్న పదింటికి ఫోన్‌లో విన్న మాట ఇది. నాన్నకి షుగరూ క్రియాటినినూ చూపించాం. గుంటూరు కొత్తపేటలో ల్యాబు, పేరు రాయను. రిపోర్టు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలట. నాన్న ఎకౌంట్‌కి నేను పెట్టిన పాస్‌వర్డ్ గుర్తురాలేదు. ‘మర్చిపోయాను’ అని నొక్కితే ఎంతసేపటికీ మెసేజ్ రాలేదు. సరేనని ఫోన్ చేశాను. కౌంటర్‌లో కుర్రాడు "ఒక్క నిమిషం మేడం, ఇక్కడ కనిపిస్తోంది" అని అక్షరం అక్షరం చదివేశాడు. వెనకాల టోకెన్ నంబర్లు పిలవడం నాకు వినిపిస్తూనే ఉంది. అంటే అంతమంది మధ్యలో గట్టిగా చదివాడు.

మార్చేశాను కాబట్టి చెప్తున్నాను, అందులో ఉన్నది మా తమ్ముడి ముద్దుపేరు. వాడు పోయి ఆరేళ్లయింది. అమ్మ ముందు ఆ పేరు ఎవరం ఎత్తం.

మీకెలా కనిపిస్తోంది బాబూ అని అడిగితే "మా దగ్గర అందరివీ ఉంటాయి మేడం" అన్నాడు. మేనేజర్ని పిలవమన్నాను. ఆయన "కంగారు పడకండమ్మా, మా సైటుకి తాళం గుర్తు ఉంది, అంతా ఎన్‌క్రిప్టెడ్" అన్నారు.

ఈ ఒక్క మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరు ఏం అడిగినా నోరు మూయించడానికి ఇదొకటి దొరికింది. ఆ తాళం నా ఫోన్ నుంచి వాళ్ల కంప్యూటర్ దాకా దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. అక్కడితో దాని పని అయిపోయింది. గుంటూరు నుంచి బెజవాడకి సీలు వేసిన కవరు పంపితే, అందుకున్నవాడు చింపి ఉత్తరాన్ని గోడకి అంటించాడనుకోండి, కవరుకి సీలు ఉందిగా అంటే ఒప్పుకుంటామా?

పాస్‌వర్డ్‌ని అసలు ఎన్‌క్రిప్ట్ చేయడమే తప్పు. ఎన్‌క్రిప్షన్ అంటే తాళంచెవి ఉన్నవాడు మళ్లీ విప్పుకోగలిగేది. పాస్‌వర్డ్‌ని ఎవరూ విప్పకూడదు, తమ దగ్గర దాచుకున్న సైటువాళ్లు కూడా. దానికి హ్యాషింగ్ వాడాలి. మిరపకాయలు దంచి కారం చేశాక మళ్లీ కాయలు చేయగలమా? ఇదీ అంతే. నేను లాగిన్ అయిన ప్రతిసారీ నేను కొట్టిన పాస్‌వర్డ్‌ని అదే రోట్లో దంచి, దాచిన కారంతో సరిపోయిందా లేదా చూస్తే చాలు. కాయ దాచుకోవాల్సిన అవసరమే లేదు. ఇద్దరు ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఇద్దరి కారమూ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, ఒక్కొక్కరికీ వేరే వేరే అక్షరాలు కలిపి దంచుతారు. దాని పేరు కూడా సాల్ట్, మన ఉప్పే. ఇదేదో నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1979లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ శుభ్రంగా రాసిపెట్టారు. దొంగ కోట్ల పాస్‌వర్డ్‌లు దంచి పోల్చుకోలేకుండా కావాలనే నిదానంగా దంచే బీక్రిప్ట్ అనే హ్యాషింగ్ పద్ధతి 1999లో వచ్చింది. ఉచితంగా దొరుకుతుంది. వాడటానికి నాలుగు లైన్ల కోడు.

చేయకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు బయటపడ్డాయి. 2013లో అడోబీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లవి పోయాయి. వాళ్లు హ్యాష్ చేయకుండా ఎన్‌క్రిప్ట్ చేశారు, అందరివీ ఒకే తాళంచెవితో. ఒకే పాస్‌వర్డ్ ఉన్నవాళ్లందరికీ ఒకే గజిబిజి వచ్చింది, పక్కనే గుర్తు కోసం రాసుకున్న క్లూలు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. తాళంచెవి అక్కర్లేకుండానే జనం గళ్లనుడికట్టు నింపినట్టు నింపేశారు.

పైగా ఈ ల్యాబు వాళ్లే నా చేత క్యాపిటల్ అక్షరం ఉండాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి అని మూడుసార్లు తిప్పి పెట్టించారు! మా ఇంటికి నాలుగు గడియలు బిగించమని చెప్పి, తాళాల గుత్తి మీ గుమ్మానికి తగిలించుకుంటారా? అసలు ఈ క్యాపిటల్, గుర్తుల సలహాని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ కోసం రాసిన బిల్ బర్ అనే ఆయనే, రాసినందుకు బాధపడుతున్నానని 2017లో చెప్పారు. ఇక్కడ మాత్రం అదే వేదం.

నాన్న అదే పాస్‌వర్డ్ గ్యాస్‌కీ, కరెంటు బిల్లుకీ, రైలు టికెట్లకీ వాడుతున్నారు. పెద్దాయన, ఎన్నని గుర్తుపెట్టుకుంటారు? పొద్దున్నుంచి కూర్చుని ఏడు చోట్ల మార్చాను.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. స్క్రీన్ మీద కనిపించింది చదివాడు. అది కనిపించేలా చేసినవాళ్ల మీద కోపం, వాళ్లు నాకు బాగా తెలుసు కాబట్టి. 2013లో విజయవాడ మొగల్రాజపురంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. స్కూలు ఫీజుల సాఫ్ట్‌వేర్. రెండు రోజులు కూర్చుని హ్యాషింగ్ పెట్టాను. మా సార్ చూసి, "బాగా చదువుకున్నావమ్మా, కానీ పేరెంట్స్ ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగుతారు, మనం చెప్పాలి కదా, తీసెయ్" అన్నారు. మర్చిపోతే కొత్తది పెట్టుకునే లింకు పంపుదాం సార్ అన్నాను. "తర్వాత చూద్దాం" అన్నారు. నా చేత్తోనే తీయించారు. ఆ ‘తర్వాత’ నేను ఉద్యోగం మానేసేదాకా రాలేదు. వేల మంది పిల్లల పేర్లు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు, అన్నీ ఒకే టేబుల్లో పక్కపక్కన. తెలియక చేసింది కాదు. తెలిసి, చెప్పించుకుని, ఫోన్లో జవాబు చెప్పడం సులువని చేసింది. పన్నెండేళ్లు దాటినా ఆ రోజు నాకు మింగుడు పడలేదు, ఇవాళ మళ్లీ గొంతుకి అడ్డం పడింది.

మీరూ ఒకసారి మీ ల్యాబుల్లో, పిల్లల కాలేజీ సైట్లలో ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కి చూడండి. కొత్తది పెట్టుకోమని లింకు వస్తే మంచిదే. పాతదే తిరిగి వచ్చిందంటే అక్కడ మీది ఎవరైనా చదవగలరు.

రేపు పొద్దున్నే కొత్తపేట వెళ్తున్నాను. నాన్న ఎకౌంట్ తీసేయమని కాగితం మీద రాసిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుంటాను. తర్వాత మేనేజర్ని ఒకటే అడుగుతాను, ఈ సాఫ్ట్‌వేర్ మీకు ఎవరు చేసిచ్చారు, ఏ ఊళ్లో చేశారు అని.