మల్లి కరవదని నేను ఎవరికీ చెప్పను

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిన్న మళ్లీ అదే మెసేజ్: "ఆ నల్ల కుక్కని ఎప్పుడు పంపించేస్తున్నారు?" అక్కడ వాదించే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. పొడుగవుతుంది, చదవండి.

మల్లి రాట్‌వైలర్ జాతి కుక్క. 2024 ఏప్రిల్ చివర్లో మా ఇంటికొచ్చింది. అప్పటిదాకా విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒకరింటి మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో, రెండు మూరల గొలుసుకి కట్టేసి ఉండేది. ఆ ఏడాది మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 రకాలు మనుషుల ప్రాణానికి ప్రమాదమని, వాటి అమ్మకానికి, పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని. ఉన్నవాటిని వదిలించుకోమని అందులో ఎక్కడా లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, ఆ వెంటనే ఢిల్లీ హైకోర్టు ఆ లేఖని కొట్టేశాయి కూడా. కానీ కుక్క బరువైపోయినవాళ్లకి మార్చి వార్తే సరిపోయింది. "తీసుకెళ్తారా, లేకపోతే హైవే మీద వదిలేయమంటారా" అని ఫోన్లో అడిగారు నన్ను.

మొదటిరోజు కాలర్ తీసి చూస్తే మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుక లేదు. చర్మం గట్టిపడి, ఒకచోట పచ్చిగా ఉంది. తోక పిల్లప్పుడే మొదలంటా కోసేశారు. ఈ తోక సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. కుక్క సంతోషంగా ఉందో లేదో మనమంతా తోక చూసే కదా తెలుసుకుంటాం! మల్లికి ఊపడానికి తోక లేదు. నడుమంతా ఊపుతూ ఎదురొస్తుంది. చూసేవాళ్లకి మీదకి దూకబోతున్నట్టు ఉంటుంది. దగ్గరికొచ్చాక వెనక్కి తిరిగి, 38 కిలోల బరువూ మన మోకాలికి ఆనించి, గొంతులో గుర్రుమంటూ నిలబడుతుంది. నేనూ మొదటిరోజు భయపడ్డాను. రాట్‌వైలర్లు చాలావరకు ఇంతేనని, ఇష్టమైనవాళ్లకి ఆనుకుంటాయని, ఆ గుర్రు కోపం కాదని పశువుల డాక్టరుగారు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను.

ఈ జాతి పేరు జర్మనీలోని రాట్‌వైల్ అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడి కసాయివాళ్లు పశువుల మందల్ని సంతకి తోలడానికి, మాంసం బండి లాగడానికి వీటిని పెంచుకున్నారు. రైళ్లొచ్చి ఆ పని పోయాక జాతే దాదాపు అంతరించే దాకా వచ్చింది. పోలీసు పనికి పనికొస్తాయని తెలిశాక మళ్లీ నిలబడింది. పొద్దస్తమానం మనిషి పక్కన నడుస్తూ పనిచేసిన కుక్కని తీసుకొచ్చి మేడ మీద ఒంటరిగా కట్టేస్తే దానికి ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మల్లి వచ్చిన కొద్ది రోజులకే చెన్నై నుంగంబాక్కంలో ఒక పార్కులో ఐదేళ్ల పాప మీద రెండు రాట్‌వైలర్లు పడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా మేనకోడలికి కూడా ఐదేళ్లే. అందుకే చెప్తున్నా, "మా కుక్క ఎవర్నీ ఏమీ చెయ్యదు" అనే మాట నా నోట రాదు. పళ్లున్న ఏ జంతువైనా కరవగలదు. మల్లి కరిస్తే గాయం పెద్దదవుతుంది. అది తెలిసే లిఫ్టులో దాని మూతికి చిక్కం వేస్తాను, పట్టీ చేతికి చుట్టుకునే నడిపిస్తాను. ఆపరేషన్ అయింది. రేబిస్ టీకా ఏ ఏడాదీ తప్పలేదు. మా మేనకోడలు వచ్చినప్పుడు వాళ్లిద్దర్నీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలను.

నా కోపమంతా గేటు ముందు దర్జా కోసం కుక్కపిల్లని కొనేవాళ్ల మీద. తల్లి పాలు సరిగ్గా మానకముందే తెస్తారు. నడిపించరు, బయటి మనిషిని చూపించరు, రోషం రావాలని కర్రతో పొడుస్తారు. పచ్చిమిరపకాయలు తినిపించేవాళ్లని నా కళ్లతో చూశాను. రేపు అది ఎవరినో కరిస్తే జాతి పేరు పేపర్లో వస్తుంది, పెంచినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. మన చట్టం మాత్రం మనిషినే అడుగుతుంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, జంతువు వల్ల ప్రమాదం జరక్కుండా జాగ్రత్త పడని యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేను అజాగ్రత్తగా ఉంటే నా మీద ఆ కేసు పెట్టండి, కాదనను. కానీ ఏ తప్పూ చెయ్యని దాన్ని జాతి చూసి వెళ్లగొట్టమనకండి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం నా దగ్గరుంది. ఇన్నాళ్లూ బయటికి తీయలేదు, ఎందుకంటే కాగితం చూపించి నోళ్లు మూయించాలని నాకు లేదు. మీ అందరి మధ్యే బతకాలి నేను.

మల్లిని ఎక్కడికీ పంపను. ఎండ పడదు దానికి, అందుకే రోజూ తెల్లారి ఐదింటికి కింద ఉంటాం. దాన్ని చూడాలనుకునేవాళ్లు రేపు రండి. మొదటిసారి పెద్దవాళ్లే రండి, పిల్లల్ని తేవద్దు. చెయ్యి చాచకండి, కళ్లలోకి చూడకండి. కాస్త పక్కకి తిరిగి నిలబడండి చాలు. దానికి రావాలనిపిస్తే వచ్చి మీ మోకాలికి ఆనుకుంటుంది. బరువుగా ఉంటుంది, కొంచెం కాళ్లు నిలదొక్కుకోండి.