పేరుకు బోల్టులు బిగించండి, వెల్డింగు వద్దు

బెజవాడలో ఏదైనా ప్రభుత్వాసుపత్రికి తొలితరం డాక్టరమ్మ పేరు పెట్టడం ఆపరేషన్ కన్నా సున్నితమైన పని. ఆపరేషన్‌లో మత్తు ఒక్క రోగికి ఇస్తే సరిపోతుంది. నామకరణంలో సభకు వచ్చిన వాళ్లందరికీ ఎక్కాలి.

ముందు మనిషిని ఎంచుకోవాలి. ఈ విషయంలో కమిటీకి ఒక్క మీటింగు కూడా మిగల్చనంత సులువు మనది. కొమర్రాజు అచ్చమాంబ 1906లో గుంటూరులో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివారు, బెజవాడలో ప్రాక్టీసు చేశారు, ప్రసూతి, శిశుపోషణల మీద తెలుగులో పుస్తకం రాశారు, 1957లో విజయవాడ నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఇంత అర్హత చూసి కంగారు పడకండి, ఫైలులో సగం తగ్గించి రాసుకోవచ్చు.

అసలు ప్రమాదం మేనత్తతో వస్తుంది. ఆవిడ భండారు అచ్చమాంబ, 1905లోనే పోయిన రచయిత్రి. ఫ్లెక్సీ కుర్రాడు ఫోనులో పేరు కొట్టి మొదట కనబడిన బొమ్మ దించేస్తాడు. డాక్టరమ్మ పేరు కింద మేనత్త నవ్వుతూ ఉంటారు, కలెక్టరుగారు ఆ బొమ్మకే దండ వేస్తారు. ఆ తర్వాత తండ్రి. కొమర్రాజు లక్ష్మణరావుగారి పుస్తక ప్రచురణ సంస్థ విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది కూడా 1906లోనే కాబట్టి వక్త ఆ ఏడాది దగ్గర మండలి వైపు మళ్లిపోతాడు. నలభై నిమిషాలు తండ్రికి, పావుగంట మేనత్తకు పోతాయి. డాక్టరమ్మ వంతు వచ్చేసరికి పులిహోర పొట్లాలు వచ్చేస్తాయి.

గుంటూరులో దీన్ని పూర్తిగా తలకిందులుగా చేశారు. అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారు. డాక్టరు చదువు చదివిన మనిషిని మిషన్ వాళ్లు ఇళ్లలోని ఆడవాళ్లకు చదువు చెప్పమని పంపితే, ఆవిడ వైద్యం మొదలుపెట్టి, ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి కట్టించి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి అనే పేరు ఆ పని వెనకాల నడుచుకుంటూ వచ్చింది. ముందు పని, తర్వాత పేరు! ప్రభుత్వ పద్ధతికి ఇది బొత్తిగా పనికిరాదు, బడ్జెట్ సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది.

ఇక బోర్డు. 'డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి' అంటే 22 అక్షరాలు, ఏడు వత్తులు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని బోర్డుల వాళ్ల లెక్క. 200 అడుగుల అవతలి రోడ్డు మీద నుంచి కనబడాలంటే అక్షరం 20 అంగుళాలు ఉండాలి. వెడల్పూ అంతే అనుకుంటే అక్షరాలకే 37 అడుగులు కావాలి, మధ్య ఖాళీలు వేరే. మీ గేటు 20 అడుగులయితే రెండు వరుసలు చేయాలి, అప్పుడు పేరు పైకా, 'ప్రభుత్వ' పైకా అని మూడు నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు.

వత్తుల సంగతి వేరే చెప్పాలి. అక్షరానికి వెనకాల నాలుగు స్టడ్లు (గోడకు బిగించే మరపుల్లలు) వేసే మేస్త్రీ కింద వేలాడే వత్తుకు ఒక్కటే వేస్తాడు. గాలివానకు ముందు ఊడేది అదే. 'అచ్చమాంబ' కాస్తా 'అచమాంబ' అవుతుంది, 'ప్రభుత్వ' కాస్తా 'ప్రభుత' అవుతుంది (రెండోది ఎవరూ గమనించరు). లోపల 12 వోల్టుల ఎల్‌ఈడీలు పెట్టిస్తే వాటి పవర్ సప్లై డబ్బాను రేకు కింద దాచండి, బయట ఉంచితే మొదటి వానకే నీళ్లు దిగి సగం పేరు ఆరిపోతుంది. ముఖ్యంగా, వెల్డింగు చేయించకండి. ఈ బెజవాడలోనే 1986లో పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఒకసారి మారింది, 2024లో మళ్లీ మారింది. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, ఒక స్పానరు, స్టోరులో పాత అక్షరాల గోనెసంచి: ఇదే సుపరిపాలన.

జీవో వచ్చిన రోజు నుంచి రబ్బరు స్టాంపులు, ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు, ఆరోగ్య పథకం లాగిన్, బ్యాంకు ఖాతా, కరెంటు మీటరు అన్నీ మారాలి. మారవు. పాత చీటీల స్టాకు అయ్యేదాకా వాటి మీదే కొత్త ముద్ర కొడతారు. పుట్టిన బిడ్డను 21 రోజుల్లో నమోదు చేయాలి కదా, ఫారంలో పాత పేరు, సీలులో కొత్త పేరు పడుతుంది. ఒకే బిడ్డ రెండు ఆసుపత్రుల్లో పుట్టినట్టు తేలుతుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత పాస్‌పోర్టు ఆఫీసులో ఆ బిడ్డే జవాబు చెప్పుకుంటుంది, మనకేం.

జనం నోట పేరు నిలుస్తుందా అని బెంగ వద్దు. విశాఖలో సాక్షాత్తూ చక్రవర్తి కింగ్ జార్జినే 'కేజీహెచ్' చేసి కూర్చోబెట్టారు. మన డాక్టరమ్మ 'డీకేఏ' అవుతారు. ఆటో అతను మాత్రం ఎప్పటిలాగే "పెద్దాసుపత్రా, ఎక్కండమ్మా" అంటాడు.

చివరిది విగ్రహం. తెనాలి శిల్పులకు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు ఫొటోలైనా ఇవ్వండి, లేకపోతే ఏ నాయకురాలో వచ్చి నిలబడుతుంది. చేతిలో ఏముండాలన్నది పెద్ద చర్చ. ప్రసూతి డాక్టరు కనుక కడుపులో బిడ్డ గుండె వినే పినార్డ్ గొట్టం ఉండాలని తెలిసినవాళ్లు అంటారు. కమిటీ ఒప్పుకోదు, పెళ్లి బూరలా ఉందంటుంది. పుస్తకం ఖాయమవుతుంది.

ఏ దిక్కుకు నిలబెట్టాలన్నది ఇంకా ముఖ్యం. ప్రసవాల గది వైపు ముఖం పెట్టారో, చిక్కే. కాన్పయిన నిమిషంలోపు ఇవ్వాల్సిన పది యూనిట్ల ఆక్సిటోసిన్ (రక్తస్రావం కాకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఉన్న ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా, సిబ్బంది పెరుగు డబ్బా కోసం ఊరికే తెరుస్తున్నారా, కరెంటు పోతే జనరేటరు లైను బోర్డుకు వెళుతుందా ఫ్రిజ్‌కు వెళుతుందా, గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) వచ్చిన గర్భిణికి తొలి మోతాదుగా ఇచ్చే 14 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు ట్రేలో ఉందా, రాత్రి మూడింటికి పార్టోగ్రాఫ్ (నొప్పులు ఎలా సాగుతున్నాయో రాసే చార్టు) నింపారా, తెల్లారాక ఒకేసారి నింపారా... ఆవిడ చూపు అక్కడ పడితే బాగుండదు. విగ్రహాన్ని రోడ్డు వైపు తిప్పండి. వార్డు వైపు వీపు ఉంటుంది. తూర్పు ముఖమైతే పొద్దున పది గంటల ఫొటోలకు వెలుతురూ బాగా పడుతుంది.