అద్దెకు దిగినవాడు కోట కట్టుకుంటే

ఇల్లు అద్దెకిచ్చే ప్రతి ఓనరూ జీవితంలో ఒక్కసారైనా తరంగంబాడి వెళ్లి రావాలని ఈ వ్యాసముఖంగా మనవి చేస్తున్నాను. కాశీకి, తిరుపతికి ఎటూ వెళ్తారు. అక్కడ పుణ్యం దొరుకుతుంది. అద్దెకిచ్చేటప్పుడు కాగితం మీద ఏం రాయించుకోవాలో మాత్రం తరంగంబాడిలోనే తెలుస్తుంది.

తమిళనాడులో, కారైకాల్‌కి కాస్త ఉత్తరంగా, సముద్రపు ఒడ్డునే ఉన్న చిన్న ఊరు అది. డెన్మార్క్ వాళ్లు 225 ఏళ్లు కాపురమున్న ఊరు. ఆ కాలపు బంగళాలు కొన్నిటిని బాగుచేసి ఇప్పుడు రాత్రికింత అని అద్దెకిస్తున్నారు, పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్ కలిపి. మేం దిగిన చోట మా చేతిలో ముందుగా ఒక కాగితం పెట్టారు. పది గంటలకల్లా గది ఖాళీ చేయాలి. బయటి తిండి లోపలికి తేకూడదు. గోడలకు ఆనకూడదు. మంచం మీద కూర్చుని తినకూడదు. తడిబట్టలు వరండా పిట్టగోడ మీద ఆరేయకూడదు. డబ్బు మొత్తం ముందే కట్టాలి. ఇది చూసి సణగనివాడు ఉండడు. నేను మాత్రం ఓనరు పక్షం. ఆ ఊరి చరిత్ర కాస్త తెలిసినవాడెవడైనా ఓనరు పక్షమే వహిస్తాడు.

ఎందుకంటే ఆ ఊరిని వాళ్లకు అద్దెకిచ్చింది మనవాడే. తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగు రాజు, తెలుగు కవి, సంగీతంలో దిట్ట. ఇప్పుడు మనం చూసే 24 మెట్ల వీణ ఆయన కాలంలోనే స్థిరపడిందంటారు. వీణ మీద ఏ మెట్టు ఎక్కడుండాలో తేల్చిన ఆ కొలువు, 1620 నవంబరులో డెన్మార్క్ వాళ్లతో కుదుర్చుకున్న ఒప్పందంలో వాళ్లు ఎప్పుడు ఖాళీ చేయాలో మాత్రం తేల్చలేదు. అద్దె ఏడాదికి 3,111 రూపాయలు. గదికి కాదు, ఊరికి. కోట కట్టుకునే పర్మిషన్ కూడా అందులోనే. అడగడానికి వచ్చినవాడు ఓవె గెడ్డె అనే పాతికేళ్ల నౌకాధిపతి. అసలు సిలోన్‌లో దిగుదామని బయల్దేరి, అక్కడ పని జరక్క ఇటు తిరిగాడు. బ్యాచిలర్లకు ఇల్లివ్వబడదు అని గేటుకి బోర్డు పెట్టే ఓనర్లను మనం తిట్టుకుంటాం గానీ, తంజావూరు కోట గుమ్మానికి అలాంటి బోర్డు ఒకటి ఉండుంటే చరిత్ర ఇంకోలా ఉండేది.

తర్వాత జరిగింది ఏ ఓనరైనా ఊహించగలిగిందే. అద్దె బకాయి పడింది. అక్కడ డెన్మార్క్‌లో వాళ్లను పంపిన వ్యాపార కంపెనీ చితికిపోయి మూతపడింది. 1639 తర్వాత దాదాపు 30 ఏళ్లు ఆ దేశం నుంచి ఓడే రాలేదు. ఉన్నవాళ్లు తగ్గుతూ తగ్గుతూ చివరికి వాళ్లు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోటలో ఒకే ఒక్క డెన్మార్క్ మనిషి మిగిలాడు. పేరు ఎస్కిల్ కాంగ్స్‌బక్కె. అద్దె రాలేదని తంజావూరు నాయక రాజుల సైన్యం వచ్చి కోటను ముట్టడించింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మనమైతే ఏం చేస్తాం? ఒకటో తారీఖు దాటాక సర్దుతానండీ అని గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటాం. ఆయన తలుపేసుకున్నాడు. బంగాళాఖాతంలో పోయే ఓడల్ని పట్టుకుని అమ్మి, ఆ సొమ్ముతో ఊరి చుట్టూ ప్రహరీ గోడ కట్టించాడు. అద్దె కట్టడానికి లేని డబ్బు ప్రహరీకి దొరికింది! చివరికి 1669లో డెన్మార్క్ ఓడ వచ్చేసరికి జెండా ఎగురుతూనే ఉంది. ఆ తర్వాత కొన్నేళ్లకే తంజావూరులో నాయక రాజ్యం అంతరించింది. ఓనరు పోయాడు, అద్దెకున్నవాడు పోలేదు.

పోయింది 1845లో. పోతూ పోతూ తాళంచెవులు అప్పగించి పోయారా? అమ్మేసి పోయారు. బెంగాల్లో తమకున్న సేరంపూర్‌ని కూడా కలిపి 12.5 లక్షల రూపాయలకు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చారు. ఇంత అనుభవం ఉన్న ఊళ్లో పది గంటలకు ఖాళీ చేయమంటే, అది దౌర్జన్యమని నేను అనలేను.

మా బావగారు అన్నారు. మేం అక్కడికి వెళ్లిందే ఆయన షష్టిపూర్తికి. తరంగంబాడికి దగ్గర్లోనే తిరుక్కడయూర్ ఉంది. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి తన్నిన క్షేత్రం. అరవై నిండినవాళ్లు, ఎనభై నిండినవాళ్లు అక్కడికి వచ్చి భార్య మెళ్లో మళ్లీ తాళి కడతారు. తెలుగువాళ్లూ బాగానే కనిపిస్తారు, పనిలో పనిగా తిరునళ్లారు శనీశ్వరుణ్ణి కూడా చూసుకుని వస్తారు. గుడి దగ్గర లాడ్జిలన్నీ పెళ్లికొడుకులైన తాతయ్యలతో నిండిపోయాయి. అందుకని సముద్రం ఒడ్డున చారిత్రక బంగళాలో దిగుదామని మా అక్క తేల్చేసింది. ఆవిడ ఫొటోలు చూసింది. బావగారు రేటు చూశారు. దారిలో నేను ఆ 3,111 సంగతి చెప్పాను. అంతే, అప్పట్నుంచి ఆయన ప్రతి ఖర్చునూ దాంతోనే కొలిచారు.

"ఏవయ్యా, ఊరు మొత్తం ఏడాదికి మూడు వేల నూట పదకొండు. మనకి ఒక గది, ఒక రాత్రి, దానికి రెట్టింపు పైనా? పైగా జీఎస్టీ?"

"అప్పుడు బ్రేక్‌ఫాస్ట్ కలపలేదు బావగారూ," అన్నాను.

హెరిటేజ్ అంటే ఏమిటో ఇలాంటి గదిలో కాలు పెడితేనే అర్థమవుతుంది. మామూలు లాడ్జిలో తలుపు బిగుసుకుపోతే అది రిపేరు. ఇక్కడ బిగుసుకుపోతే అది బర్మా టేకు. అక్కడ ఫ్యాను కిర్రుమంటే రిసెప్షన్‌కి ఫోన్ చేస్తాం, ఇక్కడ కిర్రుమంటే కళ్లు మూసుకుని ఆస్వాదించాలి. అక్కడ వేణ్నీళ్లు బకెట్‌తో తెచ్చిస్తే గీజరు చెడిపోయిందని, ఇక్కడ తెచ్చిస్తే పూర్వపద్ధతి పాటిస్తున్నారని. లాడ్జిలో బల్లి కనిపిస్తే గది మార్చమంటాం. ఇక్కడి బల్లి మనకంటే ముందునుంచీ ఉంటోంది, గది మారాల్సింది ఎవరో చెప్పక్కర్లేదు.

బావగారు కాగితం పూర్తిగా చదవకముందే గోడకు ఆనుకున్నారు. కొత్త పట్టు చొక్కా. వీపంతా తెల్లటి సున్నం, మధ్యలో వెన్నుపూస గీతతో సహా దిగింది. కేర్‌టేకర్ పరుగున వచ్చాడు. చొక్కా దులుపుతాడేమో అనుకున్నాం. ఆయన చొక్కా వైపు చూడనైనా చూడలేదు, గోడ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమి, ఏమీ ఊడలేదని నిర్ధారించుకుని వెళ్లిపోయాడు. ఇక మంచం. నాలుగు స్తంభాలు, దోమతెర, ఎంత ఎత్తంటే ఎక్కడానికి పక్కన ఒక పీట. బావగారివి అరిగిపోయిన మోకాళ్లు. పీట మీద ఒక కాలు పెట్టి, స్తంభం పట్టుకుని, "అరవైలో పెళ్లి ఫరవాలేదు గానీ, ఈ మంచం ఎక్కడం మాత్రం ఇరవైలోనే కుదిరేది," అన్నారు. అక్క విననట్టే దోమతెర సర్దింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో ఏసీ గుర్తురాలేదు. గోడలు మూరెడు పైనే మందం. పైన మద్రాస్ టెర్రస్ కప్పు, అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలబెట్టి సున్నంతో బిగిస్తారు. ఇలాంటి ఇంటిని ఉప్పుగాలిలో నిలబెట్టడం మాటలు కాదు. గొళ్లేలు, మేకులు తుప్పుపడుతూనే ఉంటాయి. సున్నపు గోడకు తెలివిగా సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకాలి, దొరికినా ఆయన అడిగినంత ఇవ్వాలి. కాబట్టి రేటు మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా గదిలో పెట్టిన బ్రోషర్‌తో.

అందులో డెన్మార్క్ వాళ్లంతా సాయంత్రం వరండాలో కూర్చుని టీ తాగడానికే ఇంత దూరం వచ్చినట్టు రాశారు. అద్దె బకాయి ఊసు లేదు. ముట్టడి లేదు. బర్తొలోమియస్ జీగెన్‌బాల్గ్ బస చేసిన సంగతి ఉంది గానీ ఎక్కడ బస చేశాడో లేదు. 1706లో ఈ ఊళ్లో దిగిన జర్మన్ పాదిరి ఆయన. ఇక్కడి డెన్మార్క్ కమాండెంట్‌కీ ఆయనకీ పడలేదు. 1708లో నాలుగు నెలలు కోటలో బంధించారు. సముద్రపు గాలి, మందపాటి గోడలు, పైసా అద్దె లేదు. చెక్‌ఔట్ టైం కూడా ఆయన చేతిలో లేదు. చూస్తే, ఈ ఊళ్లో చారిత్రక బస అనే మాటకు నిజంగా తగింది అదొక్కటే. స్వాతంత్ర్యం వచ్చాక అదే కోటను మన ప్రభుత్వం 1978 దాకా అధికారులు దిగే ఇన్‌స్పెక్షన్ బంగళాగా వాడుకుంది, ఇప్పుడు మ్యూజియం చేసింది. జైలుగా పనికొచ్చిన చోటు గెస్ట్ హౌస్‌గా మారడానికి పెద్ద మరమ్మతులేమీ అక్కర్లేదని దీనివల్ల తెలుస్తోంది.

ఆ పాదిరి తర్వాత ఇదే ఊళ్లో అచ్చుయంత్రం పెట్టించి తమిళంలో పుస్తకాలు వేశాడు. ఆయన వెనక 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని, 1740ల్లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు అచ్చువేయించాడు. ఆ రకంగా ఈ ఊరితో మనకు చుట్టరికం ఉంది. అది కూడా బ్రోషర్‌లో లేదు. స్పా టైమింగ్స్ ఉన్నాయి.

పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, వెండి రంగు చాకులు, తలా రెండు బ్రెడ్డు ముక్కలు, చిటికెన వేలంత జామ్ ప్యాకెట్, ఆమ్లెట్ కావాలో వద్దో అని వినయంగా ఒక ప్రశ్న. ఇంతలో వెనక వంటింట్లోంచి ఇడ్లీ ఆవిరి, సాంబారు తాలింపు. బావగారి ముక్కు అటు తిరిగింది. లేచి వెళ్లి తొంగిచూశారు. కేర్‌టేకర్ కుటుంబం చాప మీద కూర్చుని అరిటాకుల్లో తింటోంది. మల్లెపువ్వుల్లాంటి ఇడ్లీలు.

"అది ఎంత బాబూ?" అని వచ్చీరాని తమిళంలో అడిగారు.

"అది గెస్టులకి కాదు సార్," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ. "అది మాకు. మీకు స్పెషల్."

పాత తంజావూరు సీమలో, కావేరి బియ్యం పండే నేలలో, వేలకు వేలు పోసి ఎండు బ్రెడ్డు నమలడాన్ని చారిత్రక అనుభవం అంటారు. పాపం డెన్మార్క్ వాళ్లు మాత్రం ఇంతకంటే బాగానే తినుంటారని నా నమ్మకం. 225 ఏళ్లు ఎవరూ జామ్ కోసం ఉండిపోరు. కేర్‌టేకర్ భార్య జాలిపడి రెండు ఇడ్లీలు పంపింది. బయటి తిండి తేకూడదన్న నిబంధన వంటింటికి వర్తించదని అప్పుడు తెలిసింది.

సముద్రం వైపు గదికి రేటు ఎక్కువ, వీధి వైపు గదికి తక్కువ. అలలకు ఎంత దగ్గరైతే అంత ఖరీదు. 2004 సునామీ ఈ ఊరి మత్స్యకారుల ఇళ్లను ఊడ్చేసింది, ఎందరినో తీసుకుపోయింది. ఆ తర్వాత ఒడ్డున ఉండటం ప్రమాదమని వాళ్లకు తీరానికి దూరంగా కొత్త ఇళ్లు కట్టించారు. సబబే. కానీ వల వేసేవాడికి ప్రమాదమైన చోటే ఫొటో తీసేవాడికి సీ వ్యూ ఎలా అవుతుందో మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు. ఒడ్డునే 1306 నాటి మాసిలామణినాథర్ గుడి ఉంది, ఉన్నంత మేరకు. ముందుభాగాన్ని సముద్రం ఎప్పుడో తీసేసుకుంది. ఒప్పందం లేదు, అద్దె లేదు, అడ్వాన్స్ లేదు. అక్కడ సెల్ఫీ తీసుకోవడానికి క్యూ ఉంది.

మూడో ముడి పడి, దండలు మారి, అక్షింతలు దులుపుకుని మేం తిరుక్కడయూర్ నుంచి తిరిగొచ్చేసరికి పదీ ముప్పావు. సామాను గదిలోనే ఉంది. మేనేజర్ బిల్లులో సగం రోజు అద్దె కలిపి చేతిలో పెట్టాడు. బావగారు పెళ్లికొడుకు వేషంలోనే, మెడలో దండ తీయకుండానే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"చూడు బాబూ, మా తెలుగు రాజు ఈ ఊరు ఊరంతా ఏడాదికి మూడు వేల నూట పదకొండుకిచ్చాడు. ముప్పావుగంటకి నువ్వు సగం రోజు వేస్తావా?"

మేనేజర్ కుర్రాడు కాస్త ఆలోచించాడు. ఇంగ్లీషులో చదువుకున్నవాడు, ఊరి చరిత్ర తెలిసినవాడు.

"అవును సార్, ఆయన ఇచ్చాడు," అన్నాడు. "వాళ్లు కట్టలేదు. అందుకే మీ దగ్గర కార్డు వివరాలు ముందే తీసుకున్నాం. ఇందాకే కట్ అయిపోయింది."